కాగితం మీద కోడి

అక్టోబర్ 12, ఆదివారం

వెస్లీ అన్న పేరు మొదటిసారి విన్నప్పుడు మెథడిస్టు కుటుంబమేమో అనుకున్నాను. మన తెలుగు క్రైస్తవుల్లో వెస్లీలకేం కొదవ. కృష్ణా వైపా, గుంటూరు వైపా అని అడిగాను కూడా. అబిగేల్ పొట్ట పట్టుకుని నవ్వి, వెస్లీ లిన్ మమ్మీ, చైనీస్, క్వీన్స్‌లో పుట్టాడు అంది. అది వేసవి మాట. ఇవాళ ఆ వెస్లీ మా ఇంటికి భోజనానికి వచ్చాడు.

చెప్పకుండానే బూట్లు గుమ్మం దగ్గర విప్పాడు. గోంగూర మటన్‌కి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా రెండోసారి వడ్డించుకున్నాడు. నన్ను ఆంటీ అన్నాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు, అందుకే ఇంకా కోపం వచ్చింది. ఏప్రిల్‌లో అతని ఉద్యోగం సియాటిల్‌కి మారుతుందట. పెళ్ళయితే అబిగేల్ కూడా వెళ్తుందని ఇద్దరూ నా ఎదురుగానే మాట్లాడుకున్నారు, ఎడిసన్ నుంచి దేశం అవతలి ఒడ్డున ఉన్న సియాటిల్ అంటే పక్క వీధి అన్నట్టు.

మూడింటికి ఆరాధన. మాకు హాలు అద్దెకిచ్చే అమెరికన్ చర్చివాళ్ళు పొద్దున్నే వెళ్ళిపోయినా వాళ్ళ కాఫీ వాసన సాయంత్రం దాకా ఉంటుంది. రెండో పాట మధ్యలో నాకు కునుకు పట్టింది. ల్యాబ్‌లో తెల్లారకముందే డ్యూటీ కాబట్టి నా నిద్రంతా ఇలా ముక్కలు ముక్కలుగానే ఉంటుంది. లేచేసరికి పక్కన దీనమ్మ అక్క నా వైపే చూస్తోంది. ఆరాధన అయ్యాక, అబ్బాయి ఎలా ఉన్నాడని అడిగింది. ప్రార్థనలో పెట్టానక్కా అన్నాను.

అది అబద్ధం కాదు. ఇంటికొచ్చి నిజంగానే ప్రార్థన చేశాను. ఏమని చేశానో ఇక్కడ రాయను.

అక్టోబర్ 19, ఆదివారం

వద్దందట.

వెస్లీ వాళ్ళ నాయనమ్మ. నైనై అంటారు. అమ్మానాన్నలు పెన్సిల్వేనియాలో రెస్టారెంట్ నడుపుకుంటుంటే ఇక్కడ ఎడిసన్‌లో ఈ పిల్లాణ్ణి పెంచింది ఆవిడే. ఆవిడ సరే అనకుండా చేసుకోలేనని అతను అబిగేల్‌కి ముందే చెప్పాడట. నిన్న అబిగేల్‌ని చూపించడానికి తీసుకెళ్ళాడు. ఆవిడ బాగానే పలకరించి, పండు కోసి పెట్టి, ఏ సంవత్సరంలో పుట్టావని అడిగింది. ఇది తొంభైమూడు అంది. చైనావాళ్ళకి ఒక్కో సంవత్సరానికీ ఒక్కో జంతువట. నువ్వు కోడి, వీడు ఎనభైఏడు, కుందేలు. కోడికీ కుందేలుకీ పడదు, ఇంట్లో ఒకళ్ళు నిలవరు అని చెప్పి, ఇంకో పండు కోసిందట.

అబిగేల్ ఇదంతా నవ్వుతూనే చెప్పింది. చెప్పి, ప్లేటులో అన్నం అలాగే వదిలేసి పైకి వెళ్ళిపోయింది.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళంతా తేలికైపోయింది. ఇలా రాయకూడదు గానీ ఇది ఎవరూ చదివేది కాదు. దేవుడు ఎవరి నోటితోనైనా మాట్లాడతాడు, చైనా ముసలమ్మ నోటితో ఎందుకు మాట్లాడకూడదు.

అక్టోబర్ 21

మనం జాతకాలు చూడం. పంచాంగం మా గడప తొక్కలేదు. అయితే ఇది జాతకం కాదు, చైనావాళ్ళది. ఊరికే తెలుసుకుందామని ల్యాప్‌టాప్ తెరిచాను.

పన్నెండేళ్ళకోసారి కోడి సంవత్సరం వస్తుందట. 1945, 57, 69, 81, 93, 2005, 2017. ఎవరికి ఎన్నేళ్ళో పట్టిక వేసి పెట్టారు. అరవైతొమ్మిది జూలైలో పుట్టాను కాబట్టి నేనూ కోడినే. కోడి మనుషులు చెప్పిన టైముకి వస్తారు, ఉన్నదున్నట్టు మొహం మీద అనేస్తారు, ఇల్లు అద్దంలా పెట్టుకుంటారు, తమ మాటే నెగ్గాలంటారు. దీనమ్మ అక్క రాసిందేమో అనిపించింది.

పుట్టిన నెలని బట్టి మళ్ళీ వేరు. మేలో పుట్టిన కోడికి గింజలకి లోటుండదు, ఎక్కడికి వెళ్ళినా నలుగురు చేరదీస్తారు, కాని ఒకచోట కాలు నిలవదు. అక్షరాలా అబిగేల్. ఆ పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను. బయట వాన పడుతోంది, టీ చల్లారిపోయింది, వాక్యాలు కళ్ళ ముందు మెల్లగా ఈదుతున్నట్టున్నాయి.

మే పది అబిగేల్ పుట్టినరోజు. అందరికీ తెలిసిన పుట్టినరోజు అదే.

అక్టోబర్ 28

ఇవాళ ల్యాబ్‌కి కుందేళ్ళే ఎక్కువ వచ్చాయి, ఒక పులి కూడా. కోళ్ళు రాలేదు.

అక్టోబర్ 30

రక్తం తీసే ముందు ప్రతి మనిషినీ పేరు అడగాలి, పుట్టిన తేదీ అడగాలి. రెండూ లేబుల్‌తో సరిపోతేనే సూది. ఇన్నేళ్ళుగా ఆ తేదీలు నా చెవుల్లోంచి అలా వెళ్ళిపోయేవి. ఇప్పుడు ఒక్కోటీ ఆగి, తోకో కొమ్మో మొలిపించుకుని కుర్చీలో కూర్చుంటోంది. ఇవాళ ఒక పెద్దాయన 1945 అన్నాడు. మీరు కోడి అని నోటిదాకా వచ్చింది. ఆయన చెయ్యి చాపి కిటికీలోంచి చెట్టు వైపు చూస్తున్నాడు, ఆ పసుపాకులు రాలుతుంటే ఆయనా నేనూ ఏదో పెరట్లో ఎండలో ఉన్నట్టు అనిపించింది.

నవంబర్ 4

కల. కారులో నా పక్క సీటులో కోడిపుంజు కూర్చుంది, సీటు బెల్టు పెట్టుకుని. రూట్ 27 మీద పొగమంచు. నేను ఎంతసేపు నడిపినా ఇల్లు రాదు. అది కూస్తుందేమోనని నాకు ఒకటే భయం. కూయలేదు. అప్పుడప్పుడు నా వైపు చూసింది.

మా చర్చిలో కోడి కూత అంటే అందరికీ, ప్రభువుని ఎరగనని శిష్యుడు మూడుసార్లు బొంకిన సంగతే గుర్తొస్తుంది. అది నాకు ఇప్పుడు గుర్తు చేసుకోవాలని లేదు.

నవంబర్ 9, ఆదివారం

చర్చికి అబిగేల్ రాలేదు. నేను తిరిగి వచ్చేసరికి బాత్రూమ్‌లో ఏడుస్తోంది. నాకు వినపడకూడదని కుళాయి తిప్పి ఏడుస్తోంది. అంతసేపు నీళ్ళ చప్పుడు వింటూ మెట్ల మీద కూర్చున్నాను.

సరే, రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

అబిగేల్ కోడి సంవత్సరంలో పుట్టలేదు. మే పది, 1993 అన్నది బడి తేదీ. ఒకటో తరగతికి ఐదేళ్ళు నిండాలని మిషన్ స్కూల్ హెడ్‌మాస్టరు గారు వెనక్కి జరిపి వేసిన తేదీ. ఆ రోజుల్లో మా వైపు సగం మందికి ఇలాంటి తేదీలే, అదో తప్పని ఎవరూ అనుకోలేదు. తర్వాత పాస్‌పోర్ట్ కోసం బర్త్ సర్టిఫికెట్ కూడా ఆ తేదీకే తీయించాం. వీసా ఇంటర్వ్యూలో పిల్ల నోరు జారుతుందేమోనని మా ఆయన షాలేం రాజు భయపడి, ఇక ఇంట్లో కూడా మే పదే పుట్టినరోజు అనుకుందామన్నారు. అప్పటికి దానికి ఏడేళ్ళు. అంతవరకు మా ఇంట్లో కేకులూ కొవ్వొత్తులూ లేవు కాబట్టి దానికి తేడా తెలీలేదు. ఇక్కడికొచ్చాక అదే అలవాటైపోయింది. ఆయన పోయాక ఈ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

అది పుట్టింది 1994 ఫిబ్రవరి 20, ఆదివారం పొద్దున. ఆసుపత్రి గోడ పక్కనే చర్చి. నొప్పుల మధ్య పాట వినపడుతూనే ఉంది. చివరి చరణం దగ్గర అందరూ గొంతు పెంచారు, అప్పుడే ఇది ఏడ్చింది. నర్సమ్మ, పాటలో కలిసింది చూడు అంది.

ప్రతి ఏడూ ఆ రోజు సెలవు పెట్టి ఒక్కదాన్నే రారిటన్ నది పక్క పార్కుకి వెళ్ళి కారులో కూర్చుంటాను. మంచు ఉంటుంది, మనుషులుండరు. హీటర్ చప్పుడులో ఆ పాట వినపడుతున్నట్టే ఉంటుంది. పిల్ల ఊరందరిదీ అయింది, ఆఫీసుది, స్నేహితులది, ఆ వెస్లీది. ఆ ఒక్క రోజు మాత్రం ఎవరికీ తెలీదు. నాది.

నవంబర్ 10

ఒకవేళ చెప్పినా లాభం లేకపోవచ్చు. చైనావాళ్ళ సంవత్సరం జనవరిలో మొదలవదట. కొందరికి ఫిబ్రవరి కూడా పాత సంవత్సరంలోకే వెళ్తుందని ఆ పేజీలోనే ఉంది. అయితే ఫిబ్రవరి ఇరవై కూడా కోడిలోకే వస్తుందేమో. వస్తే చెప్పాల్సింది ఏమీ ఉండదు. రేపు చూస్తాను.

నవంబర్ 11

చూశాను. 1994లో కోడి సంవత్సరం ఫిబ్రవరి తొమ్మిదితో అయిపోయింది. ఇరవై అంటే కుక్క. కుక్కకీ కుందేలుకీ అన్నిటికన్నా మంచి జోడీ అట.

ల్యాప్‌టాప్ మూసేసి వంటిల్లంతా కడిగాను.

నవంబర్ 16

నేను ఇలాంటివి నమ్మను. నమ్మనప్పుడు, అది కోడి అయితే ఏంటి, కుక్క అయితే ఏంటి. నమ్మని మనిషి పనిగట్టుకుని వెళ్ళి మా పిల్ల కుక్క అని చెప్పడం విశ్వాసం తప్పినట్టే అవుతుంది.

బాగా ఆలోచిస్తే ఇది సరిగానే ఉంది.

నవంబర్ 27, థాంక్స్‌గివింగ్

అబిగేల్ చిక్కిపోయింది. నలుగురిలో బాగానే ఉంటుంది, ఒంటరిగా ఉన్నప్పుడు ఫోన్ తిరగేసి పెట్టి దాని వెనక వైపు చూస్తూ కూర్చుంటుంది. వెస్లీ నైనైని బతిమాలుతూనే ఉన్నాడట. ఆవిడ కోప్పడదు, పండు కోసి పెడుతుందట.

కోడి అదృష్టాన్ని మెరుగుపరిచే మార్గాలు అని ఇంకో పేజీ ఉంది. పసుపు, బంగారు రంగులు మంచివి. ఎద్దుబొమ్మ దగ్గర ఉంటే కుందేలు విరోధం తగ్గుతుంది. మంచం తల పడమటికి ఉండాలి. ఇది నమ్మకం కాదు, పిల్లకి ఏదో ఒకటి చెయ్యాలి కదా అని. ముందు ఒక పసుపు స్కార్ఫ్ కొన్నాను. చైనా గ్రోసరీలో గల్లా పక్కన చిన్న రాతి ఎద్దులున్నాయి, ఒకటి తెచ్చి దాని పుస్తకాల వెనక పెట్టాను. ఇవాళ అది స్నేహితురాలింటికి వెళ్ళినప్పుడు మంచం తిప్పాను.

వచ్చి చూసి, ఎందుకు తిప్పావంది. వాక్యూమ్ చెయ్యడానికని చెప్పాను. అబద్ధం కాకూడదని ముందే వాక్యూమ్ చేసి ఉంచాను. నా సంగతి చర్చిలో అందరికీ తెలుసు. ఇంకా బయల్దేరకుండా దారిలో ఉన్నానని ఫోన్‌లో అనడం నా వల్ల కాదు.

మంచం పక్కన నిలబడి చాలాసేపు ఆలోచించాను. కోడి కాని పిల్లకి కోడి మందు పనిచేస్తుందా?

డిసెంబర్ 2

స్కార్ఫ్ వేసుకుంది. చాలా బాగుంది దానికి.

డిసెంబర్ 14, ఆదివారం

క్రిస్మస్ కేరల్స్‌కి ఈ ఏడు మా ఇంటికి కూడా వచ్చారు. పెద్దలూ పిల్లలూ ముందు గదిలో నిలబడి పాడుతుంటే అద్దాలన్నీ ఆవిరి పట్టాయి. అబిగేల్ ఎప్పుడూ పై గొంతు, సోప్రానో పాడేది, ఇవాళ ఊరికే పెదవులు కదిపింది. కేక్ తింటూ దీనమ్మ అక్క నన్ను వంటింట్లోకి లాగి, డాలస్‌లో ఒక సంబంధం ఉంది జోసఫిన్, మనవాళ్ళే, బాప్టిస్టులే అంది. ప్రార్థన చేసి చెప్తానన్నాను. అక్క నవ్వింది. మాలో ఆ మాటకి అర్థం వద్దనే. ఎవరి మనసూ నొప్పించకుండా వద్దనడానికి మాకున్న మాట అది.

అందరూ వెళ్ళాక అబిగేల్ కాగితపు ప్లేట్లు ఏరుతూ మామూలుగానే చెప్పింది. వెస్లీని సియాటిల్ వెళ్ళిపొమ్మందట. ఫిబ్రవరిలోనే వెళ్తాడట, ఇక ఆగడానికి ఏముందని. నేను ఇక్కడే నీ దగ్గర ఉంటాను మమ్మీ అంది.

నేను అడిగిందే జరిగింది. దేవుడు నా ప్రార్థన విన్నాడు. ప్లేట్ల సంచి ముడి వేసి బయట పెట్టాను. మంచు మొదలైంది, వీధి దీపం కింద అది పడుతున్నట్టు కాక పైకి లేస్తున్నట్టు కనపడింది. చేతులు చచ్చుబడ్డాయి, లోపలికి రాబుద్ధి కాలేదు.

డిసెంబర్ 25

ఆరాధన బాగా జరిగింది. అబిగేల్‌కి జ్వరం.

జనవరి 8, గురువారం

ఇవాళ ఒక విచిత్రం జరిగింది. కల కాదు, కాని కలలాగే నడిచింది.

పదింటికి వెయిటింగ్ రూమ్‌లో వెస్లీ లేచి నిలబడ్డాడు. పక్కన పిట్టంత ముసలావిడ, నీలం కోటు, అల్లిన టోపీ. ఇదివరకు వెళ్ళిన చోట నరం దొరక్క చేతులు కమిలిపోయాయని, మీ చెయ్యి తేలికని అబిగేల్ ఎప్పుడో చెప్పింది కాబట్టి ఇక్కడికి తెచ్చానని సిగ్గుపడుతూ చెప్పాడు. నేనెవరో ఆవిడకి చెప్పినట్టున్నాడు. ఆవిడ నన్ను నిదానంగా, అంగడిలో చేపని చూసినట్టు చూసింది.

కుర్చీలో కూర్చోబెట్టి పేరు అడిగాను, పుట్టిన తేదీ అడిగాను. ఏప్రిల్ మూడు, 1942 అని వెస్లీ చెప్పాడు. లేబుల్‌తో సరిపోయింది. ఆవిడ ఏదో అని నవ్వింది. ఏమిటని అడిగాను. అది కాగితం మీద తేదీ అట. ఇక్కడికి వచ్చేటప్పుడు అన్నగారు ఏదో లెక్క చూసుకుని అలా రాయించాడట. అసలు పుట్టింది 1940లో, డ్రాగన్. ఇంట్లోవాళ్ళు అసలు రోజే పండగ చేస్తారు, కాగితం పుట్టినరోజు నర్సులకి మాత్రమే తెలుసని ఆవిడ అంటోందని వెస్లీ చెప్పాడు.

నా చేతిలో రబ్బరు పట్టీ అలాగే ఉండిపోయింది.

మా ఇంట్లో తిరగబడింది. కాగితం పుట్టినరోజుకి కేకు, అసలు పుట్టినరోజుకి తల్లి ఒక్కతే కారులో.

ఆవిడ చర్మం ఉల్లిపొరలా ఉంది. నరం మెల్లగా వేలికి తగిలింది, ఒక్కసారికే దొరికింది. దూది అదిమి పట్టుకున్నాక కూడా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు చెప్పెయ్యి, వీళ్ళకి ఇది కొత్త కాదు, అర్థమవుతుంది అని నాకు లోపల వినపడింది. తర్వాతి పేషెంట్‌ని పిలిచాను.

జనవరి 9

చెప్పాలి.

జనవరి 10

చెప్పనవసరం లేదు. ఎటూ అతను వెళ్ళిపోతున్నాడు.

జనవరి 13

కల. అదే కారు, అదే పొగమంచు. పక్క సీటులో ఈసారి అబిగేల్, ఏడేళ్ళప్పటి గౌను. నేను ఎప్పుడు పుట్టాను మమ్మీ అంది. నేను రేడియో పెట్టాను.

జనవరి 20

నైనై భోజనానికి పిలిచింది. నన్నే, అబిగేల్‌ని తోడు తీసుకురమ్మని. నొప్పి లేకుండా రక్తం తీసినందుకట. వెస్లీ అబిగేల్‌కి మెసేజ్ పెట్టాడు. వద్దులే మమ్మీ, అక్కడికి మళ్ళీ వెళ్ళి ఆ పండు తినడం నా వల్ల కాదు అంది. అలా అంటున్నప్పుడు దాని మొహం నలభై ఏళ్ళ దానిలా ఉంది. ఇది ఇలాగే నా దగ్గర ఉంటుంది. రోజూ నా ఎదురుగా కూర్చుని ఇలాగే తింటుంది. నేను కోరుకున్నది ఇదేనా అని నన్ను నేను అడిగితే ఏడుపొచ్చింది.

వెళ్దాం అన్నాను. నాకోసం రా అన్నాను.

ఆ రోజుని ఇచ్చేస్తాను. నాకేం మిగలకపోయినా ఫరవాలేదు.

జనవరి 25, ఆదివారం

అంతా వరసగా రాయాలి, లేకపోతే నేనే నమ్మను.

మంచు పడుతుందని పొద్దున్నే వెళ్ళాం. వెస్లీ చేపని ఆవిరి మీద ఉడికించాడు, అల్లం వాసన ఇల్లంతా. అబిగేల్ కుర్చీ అంచున కూర్చుంది. ఇద్దరూ ఒకళ్ళవైపు ఒకళ్ళు చూసుకోకుండా ఉండడానికి పడుతున్న పాట్లు చూస్తూ, ప్లేటులో చేప ముళ్ళన్నీ ఒక పక్కకి పేర్చాను. తినడం అయ్యాక నైనై కత్తీ, పండూ తీసుకుంది. కోయకముందే చెప్పాలనిపించి, వెస్లీ, నేను చెప్పేది మాట పోకుండా చెప్పు అన్నాను.

చెప్పాను. బడిలో చేర్చడానికి తేదీ మార్చిన సంగతి, హెడ్‌మాస్టరు గారు, వీసా భయం, అసలు తేదీ. ఆదివారం అని, గోడ పక్క పాట అని, నర్సమ్మ అన్న మాట కూడా చెప్పాను. ఇంతకాలం ఎవరికీ చెప్పనిది తెలుగూ ఇంగ్లీషూ కలిసి ఏటిలా వచ్చేసింది. అబిగేల్ నా వైపు అలాగే చూస్తోంది. వెస్లీ ఒక్కో వాక్యం ఆగి చెప్తున్నాడు. నేను వివరాలు చెప్పేకొద్దీ నైనై మొహంలో నవ్వు పెద్దదైంది.

ఇంకెవరికి తెలుసని అడిగించింది. మా ఆయనకి, ఆయన లేరన్నాను. ఏదైనా కాగితం ఉందా అంది. లేదు, ఆసుపత్రి ఎప్పుడో మూసేశారు, మేం బాప్టిస్టులం కాబట్టి పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, చర్చి రిజిస్టర్‌లో కూడా ఉండదన్నాను. అది వెస్లీ ఎలా చెప్పాడో గాని ఆవిడ నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యే నా చేతి మీద వేసి చాలాసేపు మాట్లాడింది.

వెస్లీ చెవులు ఎర్రబడ్డాయి. "ఆంటీ, నైనై ఏమంటోందంటే, వాళ్ళ చెల్లెలికి పెళ్ళి కుదరనప్పుడు వాళ్ళమ్మ కూడా ఇలాగే ఒక సంవత్సరం మార్చి చెప్పిందట. అమ్మలందరూ ఇంతే అంటోంది" అన్నాడు.

నేను మార్చలేదు, ఇదే నిజమన్నాను. అతను అదీ చెప్పాడు. ఆవిడ అవునవునని తలూపింది.

"ఇంకోటి కూడా చెప్పమంటోంది. కోడీ కుందేలూ అని ఊరికే అందట. అబిగేల్ వాళ్ళమ్మ ఒక్కసారి ఫోన్ చెయ్యలేదు, ఇంటికి రమ్మనలేదు. ఇష్టం లేని ఇంటి నుంచి అమ్మాయిని తెచ్చుకోకూడదని, ఎవరికీ బాధ కలగకుండా అలా చెప్పిందట. ఇవాళ మీరు ఇంత కథ తయారుచేసుకుని వచ్చారు కాబట్టి మీకు ఇష్టమేనని తెలిసిందట. ఏప్రిల్‌లోపు పెళ్ళి పెట్టుకోమంటోంది."

ప్రార్థన చేసి చెప్తాం అంటాం కదా మేం, ఆవిడ కోడీ కుందేలూ అలాంటిదే. నాకు ఆ ముసలావిడ మీద కోపం రావాలి. రాలేదు. అక్టోబర్ నుంచి ఇప్పటిదాకా నా మనసు చదివిన మనిషి ఆవిడ ఒక్కతే, ఇవాళ కూడా దాదాపు సరిగానే చదివింది. పండు కోసింది. పియర్. ఈసారి అందరం తిన్నాం. అబిగేల్ చెయ్యి బల్ల కింద వెస్లీ చేతిలో ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు నేనే నడిపాను. మంచు మొదలైంది, రోడ్డూ ఆకాశమూ ఒకటే తెలుపు. పక్క సీటులోంచి అబిగేల్ నా భుజం మీద తల పెట్టుకుంది, చిన్నప్పుడు బస్సులో పెట్టుకున్నట్టు.

"మమ్మీ, నువ్వు అబద్ధం చెప్పగలవని నాకు తెలీదు. నువ్వు. ఆ పాట, ఆ నర్స్, ఎవ్రీథింగ్" అంది. నవ్వుతోంది, ఏడుస్తోంది కూడా.

అది నిజమే తల్లీ, నువ్వు ఫిబ్రవరి ఇరవైన పుట్టావు అని చెప్పడానికి నోరు తెరిచాను.

"నాకు చెప్పక్కర్లేదు మమ్మీ. అది నిజం కాదని నాకు తెలుసు. నిజమైతే అక్టోబర్‌లోనే చెప్పేదానివి కదా. నేను అలా ఏడుస్తుంటే నువ్వు చూస్తూ ఊరుకోవు. నాకోసం కల్పించి చెప్పావు కదా?"

ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగాం. వైపర్లు తిరుగుతున్నాయి. దాని తల బరువు నా భుజం మీద అలాగే ఉంది. పచ్చ దీపం వెలిగినా నేను కదల్లేదు, వెనకవాళ్ళు హారన్ కొట్టారు.

"అవును" అన్నాను.

అక్కణ్ణించి తిన్నగా చర్చికే వెళ్ళాం. అబిగేల్ నా పక్కన నిలబడి గొంతెత్తి పాడింది. ఈ వ్యవహారం మొదలైన దగ్గర్నుంచీ నా నోటి నుంచి వచ్చిన అబద్ధం ఆ 'అవును' ఒక్కటే.